‘ఆన్ బోర్డ్’కీ ‘ఆన్ ది బోర్డ్’కీ తేడా ఏంటి? బోర్డ్ అనే ఒక్క మాటకు ఇన్ని అర్థాలెందుకు?

కొత్తపలక | సోమవారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. చిన్న మాట దగ్గర పెద్ద ఇబ్బంది పడ్డాను, సాయం చేయండి.

ఉద్యోగంలో చేరి ఆరు వారాలైంది. పోయిన వారం మా టీమ్‌లో పని పద్ధతి మారుద్దామని మేనేజర్ అందరికీ మెయిల్ పెట్టి, మీ అభిప్రాయం ఏంటని అడిగారు. నేను “ఐ యామ్ ఆన్ ది బోర్డ్ విత్ దిస్” అని రాశాను. ఐదు నిమిషాల్లో ఒక సీనియర్ దగ్గర్నుంచి, అందరికీ కనిపించేలా, “యూ మీన్ ఆన్ బోర్డ్, ఐ హోప్” అని జవాబొచ్చింది. ‘ది’ ఒకటి ఎక్కువ పడింది, అంతేగా అనుకున్నాను. కానీ ఆ రోజంతా అదే గుర్తొస్తూ ఉంది.

ఇంటికెళ్లి డిక్షనరీ తీశాను. చెక్క పలక, కమిటీ, తిండి, ఓడ ఎక్కడం, కిటికీలకు చెక్కలు కొట్టేయడం... అన్నీ ‘బోర్డ్’ కిందే ఉన్నాయి. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన కనపడలేదు. అప్పట్నుంచి మెయిల్ రాయాలంటేనే టెన్షన్.

ఒకటి, నేను రాసిన వాక్యంలో అసలు తప్పేంటి? రెండు, ఇన్ని అర్థాలను గుర్తుపెట్టుకోవడానికి దారేమైనా ఉందా, బట్టీ పట్టాల్సిందేనా?

సూటిమాట | సోమవారం, ఉదయం 10:05

మొదటిదానికి నేరుగా చెప్తాను.

“ఐ యామ్ ఆన్ బోర్డ్” అంటే నేనూ మీతో ఉన్నాను, ఈ ఆలోచనకు సరే అని. “ఐ యామ్ ఆన్ ది బోర్డ్” అంటే డైరెక్టర్ల బోర్డులో నేనొక సభ్యురాలిని అని. చదివినవాళ్లు అందుకే ఒక్క క్షణం ఆగి ఉంటారు. అంతకు మించి తలవంపులేమీ లేవండి. ఆ సీనియర్ ఆ మాట మీకు విడిగా చెప్పి ఉంటే బాగుండేది.

‘ది’ గురించి ఒక్క సంగతి గమనించండి. “గో టు స్కూల్” అంటే చదువుకోవడం, “గో టు ది స్కూల్” అంటే ఆ భవనం దాకా వెళ్లడం. “ఎట్ సీ” అంటే సముద్ర ప్రయాణంలో ఉండటం, “ఎట్ ది సీ” అంటే తీరానికి వెళ్లడం. ఆర్టికల్ ఉంటే కంటికి కనిపించే వస్తువో, మనుషుల గుంపో. ఆర్టికల్ పోతే ఆ వస్తువు కూడా పోయి, మనం ఉన్న స్థితి మిగులుతుంది. ఆన్ బోర్డ్ అలాంటి స్థితి.

రెండో ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది గానీ అది పాతపుస్తకం గారికి నచ్చదు. ముందు ఆయన్ని చెప్పనివ్వండి.

పాతపుస్తకం | సోమవారం, మధ్యాహ్నం 12:20

పొంతన లేదన్నారు కదా కొత్తపలక గారూ, ఉందండీ. చిత్రిక పట్టిన ఒక చెక్కపలకను కళ్లముందు పెట్టుకోండి. మిగతావన్నీ దాంట్లోంచే వస్తాయి.

పాత ఇంగ్లిష్‌లో బోర్డ్ అంటే పలక. దాన్నే చేత్తో పట్టుకుని దెబ్బ కాచుకుంటే డాలు, ఆనాటి కవిత్వంలో డాలుకు కూడా ఇదే మాట కనిపిస్తుంది. అదే పలకను దిమ్మల మీద పరిస్తే భోజనబల్ల. మధ్యయుగపు ఐరోపా ఇళ్లలో బల్లలు ఎక్కువగా ఇప్పటిలా కాళ్లకు బిగించినవి కావు. తినే వేళకు పలకలు తెచ్చి పరిచేవారు, తిన్నాక ఎత్తి గోడకు ఆనించేవారు. కాబట్టి పలక వచ్చిందంటే అన్నం వేళ అయిందని. అలా బల్ల పేరు తిండికి అంటుకుంది. “బోర్డ్ అండ్ లాడ్జింగ్” అంటే తిండీ, వసతీ. బోర్డింగ్ స్కూల్‌లో బోర్డింగ్ అంటే అక్కడ ఉండటం అని చాలామంది అనుకుంటారు, నిజానికి ఆ మాట పుట్టింది తినడంలోంచి. హోటళ్లలో ఫుల్ బోర్డ్ అంటే మూడు పూటల తిండితో కలిపి గది. హాఫ్ బోర్డ్ అంటే ఉదయం టిఫిన్, ఇంకొక పూట భోజనం. స్వీడన్ వాళ్ల ‘స్మోర్గస్‌బోర్డ్’ చివర ఉన్న బోర్డ్ కూడా బల్లే.

ఇప్పుడు అదే బల్ల చుట్టూ తినడానికి కాకుండా మాట్లాడుకోవడానికి కూర్చోండి. 16వ శతాబ్దానికల్లా బల్ల పేరు దాని చుట్టూ కూర్చున్నవాళ్లకు వచ్చేసింది. బోర్డ్ ఆఫ్ డైరెక్టర్స్ అలా పుట్టింది. కొయ్య కాస్తా మనుషులైంది.

మనకిది వింతేమీ కాదు. పీట అంటే కూర్చునే చెక్క. దాని సంస్కృత రూపం పీఠం దగ్గరికొచ్చేసరికి అది అధికారమైంది, సంస్థ కూడా అయింది. ముఖ్యమంత్రి పీఠం అంటాం, విద్యాపీఠం అంటాం. ఫలానా అంశానికి పెద్దపీట వేశారని పేపర్లో చదువుతాం, అక్కడ చెక్కా ఉండదు, కూర్చునే మనిషీ ఉండడు. తెలుగులో పీట నడిచిన దారిలోనే ఇంగ్లిష్‌లో బోర్డ్ నడిచింది.

ఓడ సంగతి వేరు. పలక అనే బోర్డ్, ఓడ అంచు అనే బోర్డ్ మొదట్లో రెండు వేర్వేరు మాటలని, తర్వాత కలిసిపోయాయని పండితులు చెప్తారు. ఆ కథకు సరంగు గారే రావాలి.

మాటలమూట | సోమవారం, మధ్యాహ్నం 1:15

తిండి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను.

ఇంగ్లిష్‌లో “బెడ్ అండ్ బోర్డ్” అని జంటపదం ఉంది. మొగుడూ పెళ్లాల కాపురానికి ఆ మాట వాడేవారు. ఇంగ్లండ్‌లో చర్చి కోర్టులు పెళ్లిని రద్దు చేయకుండా ఇద్దరినీ విడిగా ఉండమని తీర్పిస్తే దాన్ని బెడ్ అండ్ బోర్డ్ నుంచి వేరుచేయడం అనేవారు. లాటిన్‌లో ‘ఎ మెన్సా ఎట్ థోరో’, అంటే బల్ల నుంచీ పడక నుంచీ అని. 1857 చట్టం వచ్చాక దాని పేరు జుడీషియల్ సెపరేషన్ అయింది.

బల్ల, పడక. మన తెలుగులో ఏమంటాం? ఒకే కంచం, ఒకే మంచం. ఇద్దరు ప్రాణస్నేహితుల గురించి “వాళ్లది ఒకే కంచం ఒకే మంచం” అంటాం. లాటిన్ వాళ్లు, ఇంగ్లిష్ వాళ్లు, మనం, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోకుండానే, కలిసి బతకడమంటే కలిసి తినడం, ఒకచోట పడుకోవడం అనే చెప్పుకున్నాం. వాళ్లు దాన్ని విడిపోయేటప్పుడు కోర్టులో వాడారు, మనం కలిసి ఉన్నవాళ్ల గురించి వాడుతున్నాం. మొదటిసారి ఇది తట్టినప్పుడు నాకు చాలా ఆనందమేసింది.

కొత్తపలక | సోమవారం, మధ్యాహ్నం 2:02

కంచం మంచం చదివాక బోర్డ్ అంటే తిండి అని జన్మలో మర్చిపోను. మాటలమూట గారూ, పాతపుస్తకం గారూ, థ్యాంక్స్ అండీ. ఓడ గురించి ఎదురుచూస్తున్నాను.

సరంగు | సోమవారం, రాత్రి 8:45

పొద్దున్నుంచీ చూడలేదమ్మా, ఇప్పుడే కూర్చున్నాను. ఇరవై రెండేళ్లు ఓడల మీద పనిచేశాను, ఈ మాటతోనే బతికాను.

ఓడ పక్క గోడను బోర్డ్ అనేవారు. ఆ గోడ దాటి లోపలికొస్తే ఆన్ బోర్డ్. దాటి బయటికి పడితే ఓవర్ బోర్డ్. ఓడ మీద “మ్యాన్ ఓవర్‌బోర్డ్” అన్న కేక వినపడితే ఎవరైనా సరే చేతిలో పని అక్కడే వదిలేస్తారు. ముందుగా చూసినవాడు చెయ్యి చాపి నీళ్లలో మనిషినే చూపిస్తూ నిలబడాలి, చూపు తిప్పకూడదు. అలల మధ్య తల ఎంత చిన్నగా కనిపిస్తుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఇప్పుడు ఆఫీసుల్లో “డోంట్ గో ఓవర్‌బోర్డ్” అంటారు, శ్రుతి మించవద్దు అని. హద్దు దాటావు అన్న భావం దాంట్లో అలాగే ఉంది.

కుడివైపును స్టార్‌బోర్డ్ అంటాం. దాంట్లో నక్షత్రం ఏమీ లేదు. పాతకాలంలో ఉత్తర ఐరోపా ఓడలకు చుక్కాని వెనక మధ్యలో ఉండేది కాదు, కుడిపక్క పెద్ద తెడ్డు కట్టి తిప్పేవారు. తిప్పే పక్క, స్టీర్ బోర్డ్, కాలం గడిచేసరికి స్టార్‌బోర్డ్ అయింది. కుడిపక్క తెడ్డు ఉంది కాబట్టి రేవులో ఎడమపక్కనే ఒడ్డుకు ఆనించి సరుకెక్కించేవారు. అందుకే ఎడమపక్కకు లార్‌బోర్డ్ అని పేరు. ఇప్పుడు రెండూ పక్కపక్కన పలికి చూడు: స్టార్‌బోర్డ్, లార్‌బోర్డ్. హోరుగాలిలో కేకేస్తే ఏది విన్నట్టు? అందుకని బ్రిటిష్ నౌకాదళం 1844లో లార్‌బోర్డ్‌ను తీసేసి పోర్ట్ అనమని ఆర్డర్ ఇచ్చింది, 1846లో అమెరికా నౌకాదళం కూడా అదే చేసింది. వందల ఏళ్లుగా నోళ్లలో నలిగిన మాటను మనుషుల ప్రాణాల కోసం మార్చుకున్నారు. ఈ సంగతంటే నాకెప్పుడూ గౌరవం.

ఇంకొకటి. తుఫానులో తెరచాప కొయ్య విరిగి ఓడ పక్కనుంచి సముద్రంలోకి పోతే “గాన్ బై ది బోర్డ్” అనేవారు. ఇప్పుడు మంచి అలవాటో, ముందు వేసుకున్న ప్లానో చేజారిపోతే అదే మాట వాడతారు. పని ఎక్కువైతే ముందుగా నిద్ర “గోస్ బై ది బోర్డ్”.

మాటలమూట | సోమవారం, రాత్రి 9:10

సరంగు గారూ, “బై ది బోర్డ్”కు తెలుగులో ‘అటకెక్కింది’ అని రాస్తూ వచ్చాను ఇన్నాళ్లూ. మీరు చెప్పాక అది సరిపోదనిపిస్తోంది. అటకెక్కినదాన్ని ఎప్పుడో ఒకప్పుడు దించుకోవచ్చు. సముద్రంలో పడ్డ కొయ్య తిరిగి రాదు. ‘గంగపాలైంది’ అనాలి. నీళ్లు కూడా కుదిరాయి.

సరంగు | సోమవారం, రాత్రి 9:14

గంగపాలే సరైన మాట.

సూటిమాట | మంగళవారం, ఉదయం 7:50

ఇప్పుడు నా మాట చెప్తాను. ఇవన్నీ చదవడానికి ఎంతో బాగున్నాయి. కానీ వాక్యం రాయాల్సి వచ్చినప్పుడు పుట్టుక తెలిసి ఉండటం ఒక్కోసారి దారి తప్పిస్తుంది. నేను ఊరికే అనడం లేదు, నా దగ్గరికొచ్చిన ఒక రిపోర్టులోని వాక్యం చూడండి: “వి డిస్కస్డ్ ది ఇష్యూ ఎక్రాస్ ది బోర్డ్ అండ్ సెటిల్డ్ ఇట్.” రాసినాయన బోర్డ్ అంటే బల్ల అని ఎక్కడో చదివాడు. బల్లకు ఆ పక్కా ఈ పక్కా కూర్చుని మాట్లాడుకుని తేల్చుకున్నామని ఆయన ఉద్దేశం. ఆ మాటకు ఆ అర్థం లేదు.

“ఎక్రాస్ ది బోర్డ్” అమెరికాలో గుర్రప్పందాల దగ్గర పుట్టింది. ఒకే గుర్రం మీద మొదటి స్థానానికి, రెండో స్థానానికి, మూడో స్థానానికి సమానంగా పందెం కాస్తే దాన్ని బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా కాసినట్టు. అక్కడ బోర్డ్ అంటే పందెం లెక్కలు రాసే బోర్డు, భోజనబల్ల కాదు. అందుకే ఇప్పుడు “ఎన్ ఎక్రాస్ ది బోర్డ్ రెయిజ్” అంటే పై ఉద్యోగి నుంచి కింద ఉద్యోగి దాకా అందరికీ జీతం పెంపు. “ప్రైసెస్ రోజ్ ఎక్రాస్ ది బోర్డ్” అంటే అన్ని సరుకుల ధరలూ పెరిగాయి. ఆ రిపోర్టులో ఉండాల్సింది “ఎక్రాస్ ది టేబుల్”.

కాబట్టి కొత్తపలక గారూ, పుట్టుక తర్వాత చూసుకోవచ్చు. మాట ఏ ప్రిపోజిషన్‌తో వస్తుంది, దాని ముందు ‘ది’ ఉందా లేదా, ఎవరు ఎవరితో అంటారు, ముందు ఇవి నేర్చుకోండి. ఒక్కో ప్రయోగానికి మీ పనికి సంబంధించిన వాక్యం ఒకటి మీరే రాసుకోండి. నా ఉద్దేశంలో అదే దారి.

పాతపుస్తకం | మంగళవారం, ఉదయం 9:30

సూటిమాట గారూ, మీ ఉదాహరణే నా వైపు మాట్లాడుతోంది. ఆయన సగం పుట్టుక తెలుసుకుని ఆగిపోయాడు కాబట్టి తప్పు రాశాడు. గుర్రప్పందెం సంగతి కూడా తెలిసి ఉంటే రాసేవాడే కాదు.

ఇంకొకటి చూడండి. “ఎబవ్ బోర్డ్” అంటే దాపరికం లేని వ్యవహారం. 17వ శతాబ్దం మొదట్లో పేకాట దగ్గర పుట్టింది. చేతులు బల్ల మీదే ఉంటే ముక్క మార్చే వీల్లేదు, బల్ల కిందికి పోతేనే అనుమానం. లంచానికి “అండర్ ది టేబుల్” అంటారే, అది దీనికి సరిగ్గా ఎదురు. ఈ బొమ్మ ఒక్కసారి మనసులో పడితే “ది డీల్ వాజ్ కంప్లీట్లీ ఎబవ్ బోర్డ్” అన్న వాక్యాన్ని బట్టీ పట్టక్కర్లేదు. “స్వీప్ ది బోర్డ్” కూడా ఆ బల్ల మీదిదే. బల్ల మీద ఉన్న పందెమంతా ఊడ్చుకుపోవడం, అంటే పోటీలో ఉన్న బహుమతులన్నీ ఒకరే గెలవడం.

సూటిమాట | మంగళవారం, ఉదయం 9:52

బొమ్మ అర్థాన్ని ఇస్తుంది, ఒప్పుకుంటాను. ‘ఎబవ్ ది బోర్డ్’ అనకూడదు, ‘ఎబవ్ బోర్డ్’ అనాలి అన్న సంగతి మాత్రం ఆ బొమ్మలో లేదు. కొత్తపలక గారికి దెబ్బ తగిలింది అక్కడే కదా.

పాతపుస్తకం | మంగళవారం, ఉదయం 10:15

ఆ మాట నిజమేనండీ. నేను అటువైపు చూడలేదు.

గీతలు | మంగళవారం, ఉదయం 11:40

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను తొమ్మిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ స్క్రీన్లు డిజైన్ చేస్తున్నాను. రోజుకు ఇరవైసార్లు ‘డాష్‌బోర్డ్’ అంటాను. ఆ మాట ఎక్కడిదో పోయినేడాది దాకా నాకు తెలియదు.

గుర్రబ్బండిలో తోలేవాడి కాళ్ల ముందు అడ్డంగా ఒక పలక ఉండేది. గుర్రం పరుగెడుతుంటే డెక్కల కింద నుంచి బురద, చిన్న రాళ్లు లేచి బండిలోవాళ్ల మీద పడతాయి. అలా వచ్చి కొట్టుకోవడం డాష్, దాన్ని ఆపే పలక డాష్‌బోర్డ్. తర్వాత మోటారు కార్లు వచ్చాయి. గుర్రం పోయింది, పలక మాత్రం అదే పేరుతో ఉండిపోయింది. వేగం చూపే మీటరు, పెట్రోలు ముల్లు దాని మీదే బిగించారు. అక్కడ్నుంచి ఆ పేరు కంప్యూటర్ తెర మీదికొచ్చింది. ఇప్పుడు నేను గీసే అంకెల పట్టీలకు, ఆ బురదకు సంబంధమే లేదు. అయినా ఆ పలక పని తెలిశాక నా పని మారింది. మనిషి ముఖం మీద పడకుండా ఏది ఆపాలి అన్నది ముందు ఆలోచిస్తున్నాను, ఏది చూపాలి అన్నది తర్వాత.

అలాంటిదే మోర్టార్‌బోర్డ్, డిగ్రీ పట్టా తీసుకునేటప్పుడు పెట్టుకునే నలుచదరపు టోపీ. తాపీమేస్త్రీ మాలు వేసుకుని పట్టుకునే పలకలా ఉంటుందని దానికా పేరు.

కొత్తపలక | మంగళవారం, మధ్యాహ్నం 1:30

గీతలు గారూ, చాలా బాగుందండీ. ఇవాళ ఆఫీసులో డాష్‌బోర్డ్ తెరిచినప్పుడు బురదే గుర్తొచ్చింది.

సూటిమాట గారు చెప్పినట్టే వాక్యాలు రాసుకోవడం మొదలుపెట్టాను. ఇక్కడ ఆగిపోయాను: గెట్ ఆన్ బోర్డ్, బ్రింగ్ ఆన్ బోర్డ్, టేక్ ఆన్ బోర్డ్. మూడూ ఒకటేనా? మా హెచ్‌ఆర్ వాళ్లు ‘ఆన్‌బోర్డింగ్’ అంటారు, అది వీటిలో ఏది?

సూటిమాట | మంగళవారం, మధ్యాహ్నం 2:45

మూడూ వేరు. వీటి మీద కాస్త ఎక్కువసేపు పెట్టండి, ఆఫీసు రాతలో తప్పులు వచ్చేది ఇక్కడే.

“గెట్ ఆన్ బోర్డ్” అంటే మనంతట మనం ఎక్కడం. బండి ఎక్కడానికీ వాడొచ్చు, ఒక ఆలోచనకు ఒప్పుకోవడానికీ వాడొచ్చు. “షీ గాట్ ఆన్ బోర్డ్ విత్ ది ప్లాన్ లేట్” అంటే ఆమె ఆ ప్లాన్‌కు ఆలస్యంగా ఒప్పుకుంది. ఆలోచన అయితే పక్కన ‘విత్’ వస్తుంది.

“బ్రింగ్ ఆన్ బోర్డ్” అంటే ఇంకొకరిని తెచ్చి కలుపుకోవడం. “వి బ్రాట్ ఎ డిజైనర్ ఆన్ బోర్డ్”, అంటే ఒక డిజైనర్‌ను మా పనిలోకి తీసుకున్నాం. మనిషి పేరు మధ్యలో పెట్టడం అలవాటు.

“టేక్ ఆన్ బోర్డ్” బ్రిటిష్ వాడుక. చెప్పిన సలహానో విమర్శనో తలకెక్కించుకోవడం, లెక్కలోకి తీసుకోవడం. “ఐ హావ్ టేకెన్ యువర్ పాయింట్ ఆన్ బోర్డ్.” ఇక్కడ ఎక్కేది మనిషి కాదు, మాట.

ఆన్‌బోర్డింగ్ అంటే కొత్తగా చేరినవాళ్లకు పని, పద్ధతులు, మనుషులు పరిచయం చేసి సంస్థలో కలుపుకోవడం. ఉద్యోగం ఇవ్వడం కాదు, ఇచ్చాక జరిగేది.

ఇక ‘బోర్డ్’ను క్రియగా వాడితే ప్రిపోజిషన్ వద్దు. “బోర్డెడ్ ది బస్” చాలు. “బోర్డెడ్ ఇంటు ది బస్” అని రాస్తుంటారు, అది తప్పు. బస్సు, రైలు, విమానం, ఓడ, వీటికే బోర్డ్. కారుకు వాడరు, “గాట్ ఇంటు ది కార్” అంటారు.

నీలిగువ్వ | మంగళవారం, సాయంత్రం 5:05

నాకూ ఇలాంటిదే ఒకటి. ‘అబోర్డ్’, ‘అబ్రాడ్’ మా అబ్బాయి రోజూ కలిపేస్తాడు. అక్షరాలు రెండూ ఒకటేనా?

సూటిమాట | మంగళవారం, సాయంత్రం 5:20

అక్షరాలన్నీ అవే, వరుస మాత్రమే మారింది. అబోర్డ్ అంటే బండిలోనో ఓడలోనో, అబ్రాడ్ అంటే విదేశంలో. అబ్రాడ్‌లో ‘బ్రాడ్’ ఉంది, వెడల్పు, విశాలమైన లోకం. అలా చెప్పి చూడండి. విసుగు పుట్టినప్పుడు అనే ‘బోర్డ్’ కూడా చెవికి ఇలాగే వినపడుతుంది గానీ స్పెల్లింగ్ వేరు, దీనికీ పలకకూ చుట్టరికం లేదు.

మాటలమూట | మంగళవారం, సాయంత్రం 6:00

కబర్డ్ కూడా చెప్పండి ఆ అబ్బాయికి. కప్, బోర్డ్ రెండూ కనిపిస్తాయి, ‘ప’ మాత్రం పలకరు. మొదట్లో దానికి తలుపులే లేవు. గిన్నెలు, కప్పులు పేర్చి చూపించుకునే బల్ల అది. తలుపులు తర్వాత వచ్చాయి.

ఇంకా నాకెంతో ఇష్టమైంది “ట్రెడ్ ది బోర్డ్స్”. బోర్డ్స్ అని బహువచనంలో ఉంటుంది. రంగస్థలం నేల పలకలతో వేసినది కాబట్టి ఆ పలకల మీద నడవడం అంటే నాటకాల్లో వేయడం. మనం ‘ముఖానికి రంగేసుకోవడం’ అంటాం. వాళ్లు నటుడి కాళ్ల దగ్గర చూశారు, మనం ముఖం దగ్గర చూశాం.

దీనికి వ్యతిరేకంగా, తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లలేని బోర్డు ఒకటి ఉంది. ‘బోర్డు తిప్పేశారు.’ డబ్బు కట్టించుకుని రాత్రికి రాత్రి మాయమైన కంపెనీ గురించి అంటాం. మాట వాళ్లదే, వాడుక పూర్తిగా మనది. అనువాదం చేస్తూ దీని దగ్గర ఒక సాయంత్రమంతా ఆగాను. “టర్న్‌డ్ ది బోర్డ్” అంటే ఇంగ్లిష్ వాళ్లకేమీ అర్థం కాదు. “షట్ అప్ షాప్” అంటే నిజాయితీగా మూసేసినవాళ్లకూ వర్తిస్తుంది. చివరికి “వానిష్డ్ విత్ ది మనీ” అని రాశాను. అర్థం వచ్చింది గానీ, పొద్దున్నే వెళ్లేసరికి పేరు లేని తలుపు ముందు నిలబడ్డ మనిషి అందులో కనపడడం లేదు.

పాతపుస్తకం | మంగళవారం, రాత్రి 8:30

“బ్యాక్ టు ది డ్రాయింగ్ బోర్డ్” ఇంకా ఎవరూ చెప్పలేదు. చేసింది పనికిరాకపోతే మళ్లీ గీత దగ్గర్నుంచి మొదలుపెట్టడం. దీన్ని జనం నోట్లో పెట్టింది పీటర్ ఆర్నో 1941లో న్యూయార్కర్ పత్రికకు వేసిన కార్టూన్. విమానం కూలిపోయి ఉంటుంది, అందరూ అటు పరుగెడుతుంటారు, చంకలో కాగితాల చుట్ట పెట్టుకున్న ఒకాయన మాత్రం ఇటు నడిచి వస్తుంటాడు.

కొత్తపలక గారూ, “సౌండింగ్ బోర్డ్” కూడా ఆఫీసులో పనికొస్తుంది. చర్చిలో ఉపన్యాస వేదిక మీద, మాట్లాడేవాడి తలపైన ఒక పలక కట్టేవారు, గొంతు పైకి పోకుండా జనం వైపు తిరగడానికి. ఇప్పుడు మన ఆలోచన ముందుగా చెప్పుకుని, అది ఎలా వినిపిస్తోందో చూసుకునే మనిషిని అలా అంటారు. “కెన్ ఐ యూజ్ యూ యాజ్ ఎ సౌండింగ్ బోర్డ్?” అని అడగొచ్చు. ఇక్కడ ‘ఎ’ ఉంది, సూటిమాట గారి కోసం ప్రత్యేకంగా చెప్తున్నాను.

కొత్తపలక | బుధవారం, ఉదయం 8:15

రాత్రి అన్నీ మళ్లీ చదివాను. నా నోట్‌బుక్‌లో ఎడమపక్క పేజీలో పాతపుస్తకం గారి బొమ్మలు, కుడిపక్క పేజీలో సూటిమాట గారి వాక్యాలు రాసుకున్నాను. సరంగు గారి సముద్రం రెండు పేజీల్లోనూ ఉంది.

ఇవాళ మేనేజర్‌కు మెయిల్ పెట్టాలి. ఆయన నా డాక్యుమెంట్‌లో నాలుగు మార్పులు అడిగారు, నాలుగూ నిన్ననే చేసేశాను. ఇలా రాశాను, పంపొచ్చా చూడండి: “ఐ హావ్ టేకెన్ యువర్ కామెంట్స్ ఆన్ బోర్డ్.”

సూటిమాట | బుధవారం, ఉదయం 8:32

వాక్యంలో ఒక్క తప్పు లేదు. కానీ మీరు చేసిన పని అందులో కనపడదు. టేకెన్ ఆన్ బోర్డ్ అంటే విన్నాను, ఆలోచిస్తాను అనే దాకానే. మార్పులు చేసేశారని ఆయనకు తెలియదు, మళ్లీ అడుగుతారు. “ఐ హావ్ మేడ్ ఆల్ ఫోర్ చేంజెస్” అని రాసి, కింద నాలుగూ ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పండి.

కొత్తపలక | బుధవారం, ఉదయం 8:50

అలాగే మార్చి పంపేశానండీ. రెండు నిమిషాల్లో “గ్రేట్, థ్యాంక్స్” అని వచ్చింది. పోయిన వారం సరిదిద్దిన సీనియర్ గారు కూడా ఆ మెయిల్‌లో ఉన్నారు. ఆయన ఇందాకే నా సీటు దగ్గరికొచ్చి, మూడో మార్పు ఎలా చేశావో చూపించమ్మా అని అడిగారు.